దేవుడు అలిగాడు, పాచిక వేయండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మొదటి పూజారి పుట్టింది భక్తి వల్ల కాదు, ఒక రక్తపిశాచి ఆగడాలు భరించలేక. 1970ల మొదట్లో అమెరికాలోని మినియాపొలిస్-సెయింట్ పాల్ ప్రాంతంలో డేవ్ ఆర్నెసన్ తన మిత్రుల చేత బ్లాక్‌మూర్ అనే కాల్పనిక లోకంలో ఆట ఆడించేవాడు. అందులో సర్ ఫాంగ్ అనే పాత్ర పిశాచిగా మారి ఎవరికీ లొంగకుండా పోయింది. దానికి విరుగుడుగా వచ్చిందే క్లెరిక్: కవచం తొడుక్కుని, దయ్యాలను తరుముతూ, గాయాలు మాన్పే పూజారి. మాంత్రికుడి శక్తి చదువు వల్ల వచ్చింది. క్లెరిక్‌ది అరువు సొమ్ము. అప్పిచ్చినవాడికి కోపమొస్తే సంగతేమిటన్న ప్రశ్న ఆనాడే పుట్టింది. ఆటలు తయారుచేసేవాళ్లు దానికి యాభై ఏళ్లుగా రకరకాల జవాబులు రాస్తున్నారు.

ఈ ఆటల్లో తలా ఒక పాత్ర ఆడతారు. మిగతా లోకమంతా, రాక్షసులూ రాజులూ దేవుళ్లతో సహా, డంజన్ మాస్టర్ అనే ఒక్క మనిషి చేతిలో ఉంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. ఇక్కడ అది తిరగబడింది. పూజారి సిద్ధంగానే ఉంటాడు, ఇవ్వాల్సింది దేవుడు, ఆ దేవుడి తరఫున మాట్లాడేది బల్లకు అవతల కూర్చున్న స్నేహితుడు. దైవాగ్రహం మీద వచ్చిన నిబంధనలన్నీ నిజానికి ఆ స్నేహితుణ్ణి ఎంతవరకు నమ్మాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి.

మొదట్లో ఆ నమ్మకం పూర్తిగా ఉండేది. 1974లో గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్ వేసిన తొలి పుస్తకాల ప్రకారం ఏడో స్థాయికి చేరిన క్లెరిక్ ధర్మపక్షమో అరాచకపక్షమో తేల్చుకోవాలి. పెద్ద పూజారి పక్షం మారితే ఒనగూరిన సదుపాయాలన్నీ అక్కడికక్కడే పోతాయి. మరుసటి ఏడాది గ్రేహాక్ అనుబంధంలో పాలడిన్ అనే ధర్మయోధుడు వచ్చాడు. వాడి గతి మరీ కఠినం. ఒక్కసారి ధర్మం తప్పాడా, ఆ హోదా మళ్లీ రాదు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దీన్ని రెండుగా విడదీశారు. తెలిసి చేసింది చిన్న తప్పయితే పెద్ద పూజారి ముందు ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవచ్చు. కావాలని చెడ్డపని చేస్తే మాత్రం ఆ రోజు నుంచి మామూలు సిపాయే.

1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్ ఇంకా ముందుకెళ్లి పైలోకంలో పెద్ద యంత్రాంగాన్నే కట్టింది. ఒకటి, రెండు స్థాయిల మంత్రాలు క్లెరిక్ సొంత విశ్వాసంతోనే పలుకుతాయి. మూడు నుంచి ఐదు దాకా దేవుడి పరివారం అందిస్తుంది. ఆరు, ఏడు స్థాయిలవి సాక్షాత్తూ దేవుడే ఇవ్వాలి. మండలాఫీసులో చిన్న కాగితం గుమాస్తా దగ్గరే తెమిలిపోయి, పెద్ద ఫైలు కలెక్టరు దాకా వెళ్లినట్టన్నమాట. నియమాలు పాటించని క్లెరిక్‌కు మధ్యవర్తుల సాయం అందడం కష్టం. తగిన ప్రాయశ్చిత్తమో బలో చెల్లిస్తేనే మళ్లీ గాడిలో పడేది.

కాగితం మీద బాగానే ఉంది. బల్ల దగ్గర మాత్రం ఇది తగువులకు మూలమైంది. ఆటగాళ్ల మధ్య నేటికీ నానుతున్న చిక్కు ఒకటుంది: గుహలో గాబ్లిన్లందరినీ చంపాక వాళ్ల పసిపిల్లలు కనబడతారు. చంపితే పాపం. వదిలేస్తే రేపు పెరిగి ఊరిమీద పడతారు. ఇక్కడ పాలడిన్ ఏం చేయాలి? ఏం చేసినా తప్పే అనిపించేలా ఈ వల పన్నే డంజన్ మాస్టర్ దేవుడి కోపం చూపించడం లేదు, తన సరదా తీర్చుకుంటున్నాడంతే.

ఈ చిక్కును చాకచక్యంగా దాటింది రూన్‌క్వెస్ట్. 1978లో వచ్చిన ఈ ఆటకు నేపథ్యం గ్రెగ్ స్టాఫర్డ్ సృష్టించిన గ్లొరాంథా లోకం. అక్కడి దేవుళ్లు కాలంలోకి స్వేచ్ఛగా దిగిరాలేరు, వాళ్లను ఒక మహా ఒడంబడిక కట్టిపడేసింది. అందుకే 1979 నాటి కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్‌లో మతం వదిలి ద్రోహం చేసినవాడి వెంట ప్రతీకార భూతాలు పడతాయి. మృత్యుదేవత హుమాక్త్ భక్తులు వరాలు పొందాలంటే వాటికి బదులుగా కఠినమైన వ్రతాలు పట్టాలి. చచ్చాక బతికించమని అడిగే వీలు కూడా వాళ్లకు లేదు. దేవుడి మనసులో ఏముందో ఊహించనక్కర్లేదు, షరతులన్నీ ముందే తెలుసు.

మళ్లీ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు వస్తే, తర్వాతి దశాబ్దంలో కోపం ఒక్క మనిషిని దాటి లోకాన్ని తాకింది. 1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ కథల్లో ఇస్తార్ మతాధిపతి అహంకారంతో దేవుళ్లనే శాసించబోతాడు. వాళ్లు ఆ నగరం మీదికి మండే కొండను విసురుతారు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా అక్కడ నిజమైన పూజారి అన్నవాడే ఉండడు. 1989లో ఫర్‌గాటెన్ రెల్మ్స్ లోకంలో దేవుళ్లకే శిక్ష పడింది. విధి ఫలకాలు దొంగిలించారని వాళ్లను ఆవో అనే అధిదేవుడు భూమ్మీదికి తరిమేశాడు. దాంతో క్లెరిక్ తన దేవుడికి మైలు దూరంలో ఉంటేనే మంత్రాలు అందే దుస్థితి వచ్చింది.

2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ లెక్కలు తేల్చింది. మాజీ క్లెరిక్‌కు కవచం, మామూలు ఆయుధాల నేర్పు తప్ప ఏమీ మిగలవు. కానీ దారి తెరిచే ఉంది: ప్రాయశ్చిత్త మంత్రం. కావాలని చేసిన పాపమైతే ఆ మంత్రం వేసిన పూజారి 500 అనుభవ పాయింట్లు వదులుకోవాలి. పాపం ఒకరిది, జరిమానా ఇంకొకరిది. 2008 నాటి నాలుగో ఎడిషన్ అసలు తగువునే తీసేసింది: దీక్ష ఒకసారి అందాక శక్తి వెనక్కి పోదు, దారితప్పినవాణ్ణి సాటి భక్తులే శిక్షించుకోవాలి. తగువు తీరింది గానీ, దేవుడు లేకపోయినా నడిచిపోయే మతంలా తయారైంది.

ఇంకొందరు తీర్పును పాచికలకు వదిలేశారు. 2012లో జోసెఫ్ గుడ్‌మన్ తెచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో క్లెరిక్ ఇరవై ముఖాల పాచిక వేసి మంత్రం వేస్తాడు. ఒకటి పడితే దేవుడికి అసమ్మతి. మంత్రం విఫలమైన ప్రతిసారీ ఆ ప్రమాదపు హద్దు ఒక్కో అంకె పెరుగుతుంది. సాయంత్రానికి రెండు పడినా, మూడు పడినా తంటానే. పట్టికలోని తేలికైన శిక్షల్లో ఒకటి పది నిమిషాలు స్తోత్రాలు వల్లించడం. ధనం సమర్పిస్తే హద్దు తగ్గుతుంది, తెల్లారితే మళ్లీ ఒకటికి దిగుతుంది. 2018 నాటి వార్‌హామర్ అనే ఆట నాలుగో ఎడిషన్‌ది మరీ గడుసు పద్ధతి. నియమం తప్పిన పూజారికి పాపాల లెక్క పెరుగుతుంది. మూడు పాపాలున్నవాడి ప్రార్థనకు పాచికల్లో 42 పడిందనుకుందాం. ప్రార్థన ఫలిస్తుంది. కానీ చివరి అంకె 2, పాపాలు మూడు, కాబట్టి దైవాగ్రహం తప్పదు. ఆ దెబ్బ తిన్నాక ఒక పాపం తగ్గుతుంది. ఇక్కడ డంజన్ మాస్టర్‌ను నిందించడానికి వీల్లేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వుతారు కూడా.

2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో శిక్ష కాస్తా కొత్త అవతారంగా మారింది. ప్రతిజ్ఞ తప్పిన పాలడిన్ ఓత్‌బ్రేకర్ అయి, చీకటి శక్తులతో ఆట కొనసాగించవచ్చు. దయ్యాలతోనో ఇతర అతీత శక్తులతోనో ఒప్పందం చేసుకుని శక్తి తెచ్చుకునే వార్‌లాక్‌కు మాత్రం యజమాని అలిగితే ఏం జరగాలో నిబంధనల్లో స్పష్టంగా లేదు. ఆ ఖాళీని ఆటగాళ్లు కథతో నింపారు. 2019లో క్రిటికల్ రోల్ ప్రదర్శనలో ట్రావిస్ విల్లింగ్‌హామ్ ఆడిన ఫ్యోర్డ్ అనే వార్‌లాక్, తన యజమాని అయిన సముద్రసర్పానికి ఎదురుతిరిగి మంత్రఖడ్గాన్ని లావాలో పారేశాడు. శక్తులన్నీ పోయాయి. తర్వాత వేరే దేవతను ఆశ్రయించి పాలడిన్ అయ్యాడు.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట ఈ నిబంధనలనే తెర మీదికి తెచ్చింది. యజమానురాలు మిజోరా చంపమన్న కార్లాక్‌ను చంపనందుకు విల్ అనే వార్‌లాక్ తలమీద కొమ్ములు మొలుస్తాయి. పాలడిన్ ప్రతిజ్ఞ తప్పితే రాత్రి విడిదికి నల్లకవచపు యోధుడొకడు వస్తాడు. వెయ్యి బంగారు నాణేలు చెల్లిస్తే పాత ప్రతిజ్ఞ తిరిగొస్తుంది. ఏది తప్పో ఏది కాదో తేల్చేది మాత్రం ప్రోగ్రాము, దానితో వాదించడం కుదరదు. అందుకని ఆటగాళ్లు ప్రాయశ్చిత్తం జోలికి పోకుండా, అంతకుముందు భద్రపరచుకున్న ఆటను తెరిచి, ఆ తప్పు జరగక ముందటి ఘట్టానికి వెళ్లిపోతుంటారు.