దిద్దిన అంకె



సంక్రాంతి రోజుల్లో శ్రీకాకుళం పల్లెల్లో సంగిడిరాయి ఎత్తే పోటీలు పెడతారు. తమిళ పల్లెల్లో అలాంటి గుండ్రాయినే ఇళవట్టకల్లు అంటారు. ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. లెక్క రాసుకోనక్కరలేదు. రాయి అక్కడే ఉంటుంది, చూసినవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. ఎత్తనివాడు ఎత్తానంటే పదిమందీ నవ్వుతారు. మనిషి మాట మార్చినా రాయి బరువు మారదు గదా! గరిడీలోనైనా, మరాఠీవారి తాలీంలోనైనా అంతే. ఎవరు ఎన్ని దండీలు తీశారో, ఎన్ని బస్కీలు తీశారో గురువుగారికే తెలుసు. ఆయన జ్ఞాపకమే పుస్తకం.

అటువంటి లెక్క కాగితం మీదికి, కాగితం మీదినుంచి యంత్రంలోకి ఎలా వెళ్ళిందో, దాన్ని దిద్దే చెయ్యి ఎలా మారుతూ వచ్చిందో ఈ పూట చెప్పుకుందాం.

దిద్దడం గురించి మన పెద్దలకు బాగా తెలుసు. వారి దగ్గర రెండు రకాల పుస్తకాలుండేవి. కరణంగారి కవిలె తాటాకుది. ఘంటంతో గీసిన అక్షరం చెరగదు. తప్పు పడితే కొట్టివేసి పక్కన మళ్ళీ రాయాలి. అందువల్ల మొదట ఏమి రాశారో, తరువాత ఏమని దిద్దారో రెండూ కనిపిస్తాయి. రెండోది కడితం. కన్నడంలో కడత అంటారు. గుడ్డకు చింతగింజల జిగురూ బొగ్గుపొడీ పట్టించి, నల్లగా చేసి, మడతలు పెట్టి, బలపంతో రాసేవారు. తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. వ్యాపారికి ఎంతో సౌకర్యం. అయితే తుడిచిన తరువాత పాత అంకె ఏమిటో చెప్పగలవారు లేరు. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

వ్యాయామానికి రాతలెక్క తప్పనిసరి అని గట్టిగా తేల్చిన ఘట్టం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జరిగింది. అమెరికా సైన్యంలో థామస్ డిలార్మ్ అనే యువవైద్యుడు ఉండేవాడు. చిన్నతనంలో కీళ్ళవాతజ్వరం వచ్చి మంచానపడి, బరువులెత్తి ఒళ్ళు బాగుచేసుకున్నవాడు. 1944లో షికాగోలోని సైనిక ఆసుపత్రికి మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు చాలామంది వస్తున్నారు. తేలిక బరువుతో ఎక్కువసార్లు కదిలించడం అప్పటి పద్ధతి. డిలార్మ్ ఎదురు తిరిగాడు, పెద్ద బరువులు ఇచ్చాడు. 1945లో తన ఫలితాలు ప్రకటించాడు. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి పద్ధతిని కుదించాడు. అది ఇలా ఉంటుంది. రోగి పదిసార్లు ఎత్తగలిగి, పదకొండోసారి ఎత్తలేని బరువు ఎంతో కనుక్కోవాలి. అందులో సగంతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, పూర్తి బరువుతో పదిసార్లు ఎత్తించాలి. బలం పెరిగినకొద్దీ ఆ బరువును మళ్ళీ కొలిచి పెంచుతూ పోవాలి. నేటి జిమ్ములలో మూడు సెట్లు, సెట్టుకు పదిసార్లు అనే మాట చాలామటుకు అక్కడినుంచి వచ్చిందే.

ఇందులో కీలకం ఏమిటంటే, ఈ వారం బరువు పోయినవారం అంకెలోంచి పుడుతుంది. అంటే ఆ చీటీ జ్ఞాపకార్థం దాచుకునేది కాదు, మందుచీటీ లాంటిది. తప్పు రాస్తే ఆ తప్పునే మోకాలి మీద పెడతారు.

తరువాత యంత్రాలు వచ్చాయి. 1965లో జపాన్‌లో యమాసా కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు మాన్‌పో‌కేయ్, అంటే పదివేల అడుగుల కొలమానం. 1982లో ఫిన్లాండ్ కంపెనీ పోలార్ తీగ లేకుండా గుండెలయ చూపే చేతిగడియారం తెచ్చింది. యంత్రం లెక్కపెడితే ఇక తప్పుండదనుకున్నారు. ఆ ఆశ నిలవలేదు. ఉపగ్రహ సంకేతాలలోనయితే అమెరికా ప్రభుత్వం కావాలనే తప్పు కలిపి వదిలేది! 2000 మే నెలలో దాన్ని తీసేశాకనే పరుగెత్తేవాళ్ళ చేతిగడియారాలకు దారి సుగమమయింది. 2003లో గార్మిన్ కంపెనీ అలాంటిది అమ్మకానికి పెట్టింది. అప్పుడుకూడా ఎత్తయిన భవనాల మధ్య గీత వంకర తిరిగేది. కనుక దిద్దుబాటు మనిషికి తప్పలేదు.

ఇప్పుడు ఆ పని ఏజెంటు చేతికి వచ్చింది. ఏజెంటు అంటే మనకు బీమా ఏజెంటు గుర్తుకు రావడం సహజం. పోలిక తప్పు కాదు, మన తరఫున పని చక్కబెట్టేవాడే. ఇక్కడ ఆ ఏజెంటు మాట అర్థం చేసుకునే కంప్యూటరు ప్రోగ్రాము. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే అమెరికన్ కంపెనీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. అలాంటి ప్రోగ్రాములు బయట ఉన్న లెక్కలను ఎలా చదవాలి, ఎలా మార్చమనాలి అన్నది అందులో ఉంది. ఆ దారిన వ్యాయామం లెక్కలు దిద్దే పనిముట్లు కూడా తయారయ్యాయి. "నిన్నటి మూడో సెట్టులో నలభై అని రాయి" అంటే చాలు, రాసేస్తుంది.

మోకాలికి ఆపరేషను అయిన ఒకావిడ ఈ మాట అన్నదనుకోండి. ఆవిడ ఎత్తింది పౌండ్లు గుర్తున్న బిళ్ళలు. నలభై పౌండ్లు సుమారు 18 కిలోలు. ఏజెంటు 40 కిలోలని రాసింది. డిలార్మ్ పద్ధతిలో మరుసటి వారం మొదటి సెట్టు అందులో సగం, అంటే 20 కిలోలు. ఆవిడ పూర్తి శక్తి కంటే ఎక్కువ, అదీ మొదటి సెట్టులోనే!

ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్లు లెక్కలు మార్చుకునే భాషలో పుట్ అని ఒక ఆజ్ఞ. అది పాత ఆకు మొత్తం తీసేసి కొత్త ఆకు పెడుతుంది. ఏజెంటు మూడో సెట్టు ఒక్కటే పంపితే మొదటి రెండూ పోతాయి. కావలసినచోట మాత్రమే మార్చే ప్యాచ్ అనే ఆజ్ఞకు 2010 మార్చిలో ప్రమాణం వచ్చింది. ప్యాచ్ అంటే అతుకు, చిరిగినచోట మాత్రమే వేసేది. ఇలాంటి పనిముట్టు చేసేవారు ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నారో వాడేవారికి కనబడదు. పనిముట్టు ముందుగా పాత నమోదును పూర్తిగా చదివి, ఒక్క అంకె మార్చి, అంతా కలిపి తిరిగి పంపేలా ఉంటే పుట్‌తో కూడా నష్టం లేదు.

నా మటుకు నేను కవిలె పక్షమే. కడితం సౌకర్యం కాదనను. అయితే మందుచీటీలో తుడుపు ఉండకూడదు. పాత అంకె కొట్టివేతతో కనిపించాలి. పక్కన కొత్త అంకె, ఏ తేదీన, ఎవరు చెప్పగా, ఏ ఏజెంటు మార్చిందో ఉండాలి. కంప్యూటరులో ఇది కష్టమైన పనికాదు, చోటూ పెద్దగా పట్టదు. రాసేముందు ఏజెంటు ఒక్కసారి ఆగి, "నలభై కిలోలా అమ్మా, పౌండ్లా?" అని అడిగితే, ఆవిడ బిళ్ళ వంక చూసి జవాబు చెబుతుంది.