కంకషన్ నిర్ధారణలో దృష్టి, నేత్రచలన పరీక్షలు: చరిత్ర

కంకషన్ అనగా తలకుగాని, మెడకుగాని, దేహమునకుగాని తగిలిన దెబ్బవలన మెదడు కపాలములో ఒక్కుమ్మడిగా అదరి, దాని వ్యాపారము కొంతకాలము తడబడుట. ఇందు ఎముక విరుగనక్కరలేదు, సి.టి. స్కాన్ తీయించినను సాధారణముగా ఏ లోపమును కానరాదు. స్పృహ తప్పినప్పుడే కంకషన్ కలిగినట్లని పలువురు తలచుచుందురుగాని, అది సరికాదు; దీనికి లోనైన క్రీడాకారులలో అధికసంఖ్యాకులు స్పృహ తప్పనివారే. ఇట్లు బయటికి ఆనవాలు విడువని గాయమును, ఆట విడువనొల్లని యువకునియందు, మైదానపు అంచున కొలది నిమిషములలో కనిపెట్టవలసివచ్చుటయే ఈ పరీక్షల వికాసమునకు హేతువైనది.

తలదెబ్బ తిన్నవాని కన్నులలో పూర్వవైద్యులు ముఖ్యముగా వెదకినది కనుపాప పరిమాణమును. ఒక కంటిపాప విప్పారి వెలుగు సోకినను ముడుచుకొనకుండుట, కపాలములో రక్తము చేరి మెదడును నొక్కుచున్నదనుటకు గుర్తని 19వ శతాబ్దిలో లండను శస్త్రవైద్యుడు జొనాథన్ హచిన్సన్ వర్ణించెను. అది ప్రాణాపాయసూచకమేగాని కంకషన్ లక్షణము కాదు. 1928లో న్యూజెర్సీ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్, ఏండ్ల తరబడి తలపై గుద్దులు తిన్న బాక్సర్ల దురవస్థను వైద్యలోకము ముందుంచినను, రింగు ప్రక్కన వారిని పరీక్షించుటకు నమ్మదగిన సాధనము చిరకాలము లేకపోయెను. 1995లో ఆస్ట్రేలియాలో డేవిడ్ మాడక్స్ సహచరులతో గూడి పరీక్షించి ప్రకటించిన ప్రశ్నలు (ఇది ఏ మైదానము, కడపటి గోలు ఎవరిది అనునట్టివి) ఒక మెట్టు ముందడుగేగాని, అవి జ్ఞాపకశక్తిని తడవునవే తప్ప చూపును తడవునవి కావు.

చూపును తడవు పరీక్ష క్రీడారంగమునకు వెలుపల, చదువు విషయమున జన్మించినది. మనము పంక్తిని చదువునపుడు దృష్టి సాఫీగా జారిపోక, ఒక చోట నిలిచి మఱియొక చోటికి గెంతుచుండును. ఈ గెంతులనే సకేడ్‌లందురు. 1976లో అమెరికాలో ఆప్టోమెట్రీ విద్యార్థులైన అలెన్ కింగ్, స్టీవెన్ డెవిక్ అనువారు, చదువలేక తడబడు పిల్లలలో ఈ గెంతుల లోపమును పట్టుటకై ఒక పరీక్షను కూర్చిరి. మూడు కార్డులు, ఒక్కొక్కదానిపై ఐదేసి అంకెలు గల ఎనిమిది వరుసలు. మొదటి కార్డులో అంకెల నడుమ చూపునకు దారి చూపు గీతలుండును. రెండవదానిలో అవి తొలగును. మూడవదానిలో గీతలు లేకపోవుటయేగాక వరుసలు దగ్గరగా జరిగి కంటిని తికమకపెట్టును. తప్పులు లేకుండ శీఘ్రముగా పైకి చదువుటకు పట్టిన కాలమే ఫలితము.

ఇంత చిన్న పని మెదడు దెబ్బను ఎట్లు పట్టీయగలదని పాఠకునికి సందేహము కలుగవచ్చును. చూపును తదుపరి అంకెపైకి పంపుటలో మెదడు ముందుభాగము, ప్రక్కభాగము, చిన్నమెదడు, మెదడుకాండము అన్నియు పాల్గొనును. వీనిని కలుపు పొడవైన నాడీతంతువులే దెబ్బ అదురునకు సాగి దెబ్బతినునట్టివి. కావున వానిలో ఎక్కడ పని మందగించినను గడియారములో కొన్ని క్షణముల జాప్యముగా బయటపడును. 2011లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ నాడీవైద్యులు 39 మంది బాక్సర్లను, మిశ్రమయుద్ధ క్రీడాకారులను పోటీకి ముందును పిమ్మటను ఈ అంకెల పరీక్షతో పరీక్షింపగా, తలకు దెబ్బ తగిలినవారికి పోటీ పిమ్మట సగటున 59 సెకన్లును, తగులనివారికి 41 సెకన్లును పట్టెను. వైద్యుడు కానివాడును నిర్వహింపగల పరీక్ష గనుక తల్లిదండ్రులకును, శిక్షకులకును అక్కరకు వచ్చునది కావుననే దీని ప్రచారము వేగముగా సాగెను.

2014లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కూర్చిన వి.ఓ.ఎం.ఎస్. అను పరీక్ష వేరొక త్రోవ పట్టినది. కదలు వస్తువును కనులతో వెంబడించుట, రెండు గురుతుల నడుమ చూపును గెంతించుట, మెట్రోనోమ్ తాళమునకు తల త్రిప్పుచు ఒకే గురుతును చూచుట మున్నగునవి ఇందలి అంగములు. ఒక్కొక్కదాని పిమ్మట తలనొప్పి, తలతిరుగుట, వికారము, మబ్బుతనము ఎంత హెచ్చెనో ఆటగాడు సున్న మొదలు పదివరకు అంకెతో చెప్పవలెను. చిన్న అక్షరమును ముక్కువైపు తెచ్చుచుండగా ఐదు సెంటీమీటర్లకు మించిన దూరముననే అది రెండుగా కనబడినచో లోపమున్నట్లు లెక్క. ఇది చాలవరకు ఆటగాని నిజాయితీపై ఆధారపడినందున, గడియారముతో కొలుచు పరీక్షకు తోడుగా నిలుచునుగాని దానికి బదులు కాజాలదు. 2018లో, వీడియో చూచుచున్నవాని నేత్రచలనమును కెమెరాతో కొలుచు ఐబాక్స్ యంత్రమునకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించెను.

అంకెల పరీక్షకు పరిమితులును తేలినవి. ఆరోగ్యదశలో తీసిన ఫలితము చేతిలో లేనిదే పోలిక కుదరదు. మరల మరల చదివినచో అభ్యాసమువలన వేగము పెరుగును. ముందే కావలెనని నెమ్మదిగా చదివి పిమ్మట దెబ్బను దాచుకొనువారును ఉండవచ్చును. 2019లో ఇంగ్లండు రగ్బీ క్రీడాకారులపై ప్రకటితమైన అధ్యయనము, ఉన్నతస్థాయి క్రీడలో దీనిని ఒంటరిగా నమ్మరాదని తేల్చెను.

అంతకన్న పెద్దచిక్కు కాలము; లక్షణములు ఆలస్యముగా పొడసూపవచ్చును. 2019 ఆగస్టు 17న లార్డ్స్ క్రికెట్ మైదానములో ఇంగ్లండు బౌలరు జోఫ్రా ఆర్చర్ బంతి మెడకు తగిలి ఆస్ట్రేలియా బ్యాటరు స్టీవ్ స్మిత్ నేలకొరిగెను. పరీక్షలలో నెగ్గి తిరిగి బ్యాటింగునకు వచ్చి 92 పరుగులకు అవుటయ్యెను. మరునాడు ఉదయము లక్షణములు పొడసూపగా, కంకషన్ కలిగినవానికి బదులు వేరొకనిని దింపవచ్చునని ఆ నెలలోనే అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము మార్నస్ లబుషేన్ టెస్టులలో తొలి కంకషన్ ప్రత్యామ్నాయ ఆటగాడయ్యెను. 2020లో కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజాకు బదులు యజువేంద్ర చాహల్ దిగినదియు ఈ నియమము క్రిందనే. తొలి పరీక్షలో లోపము కనబడనంతమాత్రమున ఆటగాని మెదడు క్షేమమని తలపరాదని స్మిత్ ఉదంతము తేటతెల్లము చేసినది. నా దృష్టిలో ఈ చరిత్రలో శిక్షకులు మఱువరాని ఘట్టమిదియే.

2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రీడలలోని కంకషన్‌పై జరిగిన అంతర్జాతీయ సమావేశానంతరము 2023లో వెలువడిన స్కాట్-6 అను పరీక్షాపత్రములో కనుల కదలికను చూచుట మైదాన పరీక్షలో భాగమైనది. కొన్ని దినముల పిమ్మట వైద్యశాలలో వాడు స్కోట్-6 పత్రములో వి.ఓ.ఎం.ఎస్. సంక్షిప్తరూపమున చోటు చేసికొన్నది. కంకషన్ కలిగినట్లు తేలిన ఆటగాడు ఆ దినమున తిరిగి మైదానము చేరుట ఆ సమావేశపు నియమములలో నిషిద్ధము. నేత్రపరీక్ష ఫలితము చక్కగా నున్నను ఈ నిషేధము సడలదు.