ఓడను వెదకినవారు, కాగితం చదివినవారు

1622 సెప్టెంబరు 6న ఫ్లోరిడాకు దక్షిణాన రేగిన తుఫానులో ‘అతోచా’ అనే స్పెయిన్ ఓడ మునిగిపోయింది. అందులోని 265 మందిలో వెనుక స్తంభాన్ని పట్టుకొని వ్రేలాడిన అయిదుగురే బ్రతికి బయటపడ్డారు. అమెరికా గనుల వెండి, బంగారం సముద్రగర్భానికి చేరాయి. 1969 నుండి మెల్ ఫిషర్ అనే అమెరికన్ ఆ ఓడ కోసం గాలించాడు. 1975లో అతని కొడుకూ, కోడలూ ఆ వెదకులాటలోనే మరణించారు. 1985 జూలై 20న వెండి కడ్డీల కుప్ప దొరికింది.

లోకం గజ ఈతగాళ్ళనే పొగిడింది. కాని ఓడ దారి చూపినది ఒక పాత కాగితం. ఫిషర్ మొదట వెదకినది వేరే దీవుల దగ్గర. స్పెయిన్‌లోని సెవిల్ నగరపు ప్రాచీన పత్రాలయంలో యూజీన్ లయన్ అనే చరిత్రకారుడు పదిహేడవ శతాబ్దపు వ్రాతలు చదువుతూ ‘మార్కీస్ దీవులు’ అన్న మాటను పట్టుకొన్నాడు. ఆ ఒక్క మాటతో వెదకులాట పడమటికి మళ్ళింది.

అతోచా గాలియన్ తరహా ఓడ. అంతకు ముందటి ఓడలకంటే పొడవెక్కువ, ముందు భాగం ఎత్తు తక్కువ. వెనుక భాగం మాత్రం కోట బురుజులా లేచి ఉంటుంది. ఇరవై కంచు ఫిరంగులతో అది ఓడలబారుకు వెనుక కావలిగా నడిచింది. శత్రువును అడ్డుకోవడానికి నిర్మించిన ఆ కోటను గాలి కూల్చింది.

మునగక తీరం చేరిన స్పెయిన్ వెండి ఎక్కడికి పోయింది? అందులో కొంత కృష్ణా తీరానికే వచ్చింది. ఎనిమిది రియాళ్ళ నాణెం యూరపు వర్తకుల సంచులలోనూ, ఎర్రసముద్రపు రేవుల మీదుగానూ మచిలీబందరుకు చేరేది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడికి వచ్చినది ప్రధానంగా బట్టల కోసం. వాటికి వెల చెల్లించడానికి వారికి వెండీ బంగారమూ కావలసి వచ్చేవి. ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాదుకు పోయే నేటి రహదారికి పక్కనే ఉన్న కొండపల్లి దుర్గం ఆనాడు గోల్కొండ సుల్తానులది. బందరు వారి ప్రధాన రేవు.

ఆ రేవు ఓడల సంగతి అతోచా అంత ప్రసిద్ధం కాలేదు. 1618 నుండి 1622 వరకు అక్కడ ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్‌వోల్డ్ వ్రాసిన దాని ప్రకారం ఓడలు జనవరిలో మోఖాకు బయలుదేరి, సెప్టెంబరు, అక్టోబరులలో తిరిగి వచ్చేవి. మక్కా, మదీనాలకు వచ్చే యాత్రికులకు దానంగా పంచేందుకు సుల్తాను ఏటా బియ్యం పంపేవాడట. అతోచా మునిగిన నాటికి గోల్కొండ సింహాసనం మీద ఉన్నవాడు ముహమ్మద్ కుతుబ్ షా.

ఈ ఓడలు ఎలా కట్టినవి? ఖుర్ఆన్‌లో హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) ఓడను వర్ణిస్తూ ‘పలకలు’ అన్న మాట పక్కన ‘దుసుర్’ అన్న మాట వచ్చింది (54:13). వ్యాఖ్యాతలలో ఎక్కువమంది దానికి మేకులని అర్థం చెప్పారు. పలకలను బిగించే నారతాళ్ళని కూడా అరబ్బీ నిఘంటువులు చెబుతాయి. అనువాదకునికి ఇబ్బంది కలిగించే మాట! బందరు తీరంలో మాత్రం రెండర్థాలూ పక్కపక్కనే కనిపించేవి. నీటిలోతు చాలక పెద్ద ఓడలు రేవుకు దూరంగా లంగరు వేసేవి. అక్కడి నుండి సరుకును ఒడ్డుకు చేర్చిన మసులా పడవలు కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టినవి. వాటికి మేకులు లేవు. కనుకనే అలల దెబ్బకు వంగేవి గాని విరిగేవి కావు. కుట్టిన ఓడలు రాతికి తగిలినా ఓర్చుకొంటాయని ఇబ్న్ బతూతా అన్నది ఇందుకే. పెద్ద ఓడలకు గోదావరి పాయ మీది నరసాపురం పేరుపొందింది. అక్కడి మంచి కలపనూ, ఇనుపపని చేసే కమ్మరుల నేర్పునూ థామస్ బౌరీ 1670ల నాటి తన గ్రంథంలో మెచ్చుకొన్నాడు. టేకుకు మరొక గుణముంది: ఓక్ కలపలా అది ఇనుప మేకులను తినివేయదు.

బౌరీ వ్రాతప్రతి 1905 దాకా అచ్చు కాలేదు. 1687లో గోల్కొండ పతనమైంది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. నదులు మోసుకొచ్చిన ఒండ్రు కింద ఏ ఓడ ఎముకలున్నాయో ఈతగాడు చెప్పలేడు. సెవిల్ వంటి పత్రాలయం గోల్కొండకు మిగలలేదు. ఈ రేవు దినచర్యలో పెద్ద భాగం హేగ్ నగరంలోని డచ్చి కంపెనీ దస్తాలలోనూ, లండన్‌లోని ఇంగ్లీషు కంపెనీ కాగితాలలోనూ ఉంది. ఇంగ్లీషు గుమాస్తాలు బందరును ‘మెచ్లెపటాం’ అని వ్రాసుకొన్నారు. అదే చెవితో విని వ్రాసిన నాఖుదాల పేర్లను గుర్తుపట్టాలంటే ఫారసీ, తెలుగు రెండూ తెలిసిన మనిషి ఆ కట్టల ముందు కూర్చోవాలి.