మోకు – ముడి

మన గౌడకులచరిత్ర వ్రాయబూనువారు తరచుగా సర్వాయి పాపన్న 1708వ సంవత్సరమున ఓరుగల్లుపై దండెత్తుటతో ప్రారంభింతురు. అది యుక్తమే. కాని యా కోటలను లెక్కించిన చరిత్రకారులు పాపన్న కులమువారి ప్రాణములను నిత్యము మోసిన మోకును మాత్రము లెక్కింపరైరి.

శుక్లయజుర్వేదము 30వ అధ్యాయమున వృత్తులను బేర్కొనుచో సురాకారునితోపాటు రజ్జుసర్జుడు, అనగా త్రాళ్లు పేనువాడును, చెప్పబడినాడు. అమరసింహుడు ఖర్జూరమును తృణద్రుమములలో జేర్చెను. నేటి వృక్షశాస్త్రజ్ఞులును తాడిని, ఈతను, గడ్డిని ఏకదళబీజములలోనే చేర్చుదురు. తాడికి సాధారణముగా కొమ్మ లుండవు. మామిడి నెక్కువాడు త్రాటిని కొమ్మకు వేయగలడు. తాడి నెక్కువానికి ఆ యాధారము లేదు. కావుననే త్రాడు మ్రానును, మనుష్యుని నడుమును గలిపి చుట్టవలసివచ్చెను.

ఎక్కువాడు వెనుకకు వ్రాలినకొలది మోకు మ్రానును బిగబట్టును. భయపడి చెట్టును గరచుకొన్నచో సడలి జారును. క్రొత్తవానికి దీనిని మాటలతో నేర్పుట దుర్లభము.

ఇక ముడి. కల్లుకుండ మెడకు జారుముడి తగును. బరువు పెరిగినకొలది అది బిగియును. నడుమున కది పనికిరాదు, బిగిసి ఊపిరాడనీయదు. నడుమున కట్టునది బరువునకు జారక, బిగియక, దిగినపిమ్మట చేతితో విప్పుకొన వీలుగా నుండవలెను. కొనలను పొట్టిగా విడుచుట పిసినారితనమే గాక ప్రమాదము. త్రాడు మడతపడుచోట బలము తగ్గును గనుక తెగినచో ముడివద్దనే తెగుట మెండు. నారత్రాడు తడిసినచో ఉబ్బి ముడి బిగియును, ఎండినచో సడలును. వానలో వేసిన ముడిని ఎండలో మరల పరీక్షింపక ఎక్కరాదు.

తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో కాటమయ్య రక్ష పేర రక్షణసామగ్రిని పంచ నారంభించెను. తాతలనాటి మోకున కిది యవమానమని కొందరందురు. నే నట్లు తలపను. చెట్టుపైనుండి పడి నడుము విరిగినవాని యింట అన్నమునకు కరవు వచ్చినపుడు కులగౌరవము అక్కరకు రాదు. ఆ పరికరములను మనవారు తప్పక ధరింపవలెను. అయినను త్రాటిని వ్రేళ్లతో తడిమి, పురి సడలినచోటు గుర్తింపగల వృద్ధులు ప్రతి యేటను తగ్గుచున్నారు. ఏ యూర నే ముడి నేమందురో, ఎట్లు వేయుదురో, వారు జీవించియుండగనే బొమ్మలతో వ్రాయించి వచ్చు సంచికయం దచ్చువేయింప కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను.