కావేరీ తీరమున తెలుగు నుడి, తెలుగు లిపి

తమిళనాట స్థిరపడిన మనలను నేటికిని వలస వచ్చిన వారని పిలుచుట కలదు. శతాబ్దములుగా ఒక నేలపై పుట్టి పెరిగిన వారికి ఆ పేరు ఎంతవరకు తగునో తంజావూరు చరిత్రమే చెప్పగలదు.

విజయనగర ప్రభువుల కాలమున మన పూర్వులలో కొందరు దండుతోను, కొందరు కొలువుతోను, కొందరు నాగలితోను దక్షిణమునకు తరలి వచ్చిరి. పదునారవ శతాబ్దమున తంజావూరున నాయక రాజ్యము నెలకొనెను. రఘునాథ నాయకుడు స్వయముగా కవి. ఆయన కుమారుడు విజయరాఘవుడు యక్షగానములు రచించెను. రంగాజమ్మ మన్నారుదాస విలాసము ఆ కొలువుననే వెలసినది. 1673లో ఆ రాజ్యము అంతరించెను. పిమ్మట వచ్చిన మరాఠా ప్రభువుల ఇంటి భాష వేరు. ఐనను వారిలో శాహజీ (1684-1712) పల్లకి సేవా ప్రబంధమును తెలుగుననే రచించెను. ప్రభువులు మారినను భాషకు పని తప్పలేదు. కొలువులు పోయిన తరువాతను త్యాగరాజస్వామి (1767-1847) కీర్తనలయందును, మేలట్టూరు భాగవత మేళమునందును అది నిలిచి యున్నది.

మరి మన యిండ్ల మాట యేమి? తాతలు తెలుగున జాబులు వ్రాసికొనిరి. తండ్రులు అక్షరములు కూడబలుకుకొని చదివిరి. పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని, కీర్తనలను తమిళ లిపిలో వ్రాసికొని పాడుచున్నారు. ఆ లిపిలో క, గ లకు అక్షరమొక్కటే. కావున అంకెలు వేసి గుర్తింపనిచో ‘గానము’ను ‘కానము’ అని చదువవలసి వచ్చును. నవ్వుకొనదగిన మాటయే గాని, అందు మన స్థితియంతయు నున్నది.

ఇందుకు తమిళమును నిందించుట కృతఘ్నత. అది మనకు అన్నము పెట్టిన నేల భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. 2006 నాటి చట్టముచే బడులలో తమిళము తప్పనిసరి యైనది, నిజమే. కాని అంతకు ఎంతో ముందే మన యిండ్లలో పలకపై ఓనమాలు దిద్దించుట తగ్గిపోయెను. ఆ లోపము మనదే.

తంజావూరు సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రములు నేటికిని భద్రముగా నున్నవి. వానిని వ్రాసిన వారి వంశములలోని బిడ్డలు వాని యెదుట నిరక్షరులై నిలువరాదు. సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట ప్రతి యింట అరగంట సేపు అక్షరములు దిద్దించినచో చాలును. నోట నిలిచిన భాష మరల చేతికి వచ్చును.