ఆవు ముందుకొచ్చింది, కాపరి వెనక్కి పోయాడు

యూరప్ చిత్రాల్లో పశువుది చాలాకాలం పక్కవాద్యమే. బాలయేసు పుట్టిన కొట్టంలో ఓ మూల ఎద్దు తల కనిపించేది. ప్రార్థన పుస్తకాల్లో నెలల బొమ్మలు వేస్తే నాగలికి కట్టి ఉండేది. 1510లో లైడెన్ పట్టణపు లూకాస్ రాగిరేకు మీద చెక్కిన చిన్న బొమ్మలో మాత్రం ఆవే నడిమధ్య నిలబడింది. అటు పాలేరు, ఇటు పాలు పితికే పిల్ల. ఆ ఇద్దరి మధ్య సరసముందని పండితులంటారు. ఉంటే ఉండనీ, చోటంతా ఆవుదే.

ఆవుకు అసలు దశ తిరిగింది మరో వందేళ్లకు. హాలండ్‌ది తడి నేల, తిండిగింజలకు అంతగా నప్పదు. గింజలు బాల్టిక్ రేవుల నుంచి ఓడల్లో దిగుతుంటే రైతులు వెన్న, జున్ను వైపు మళ్లారు. 1612 నాటికి గాలిమరలతో నీళ్లు తోడి బేమ్‌స్టర్ సరస్సును పొలాలుగా మార్చారు. పెట్టుబడి ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులది. అక్కడి ప్రొటెస్టంటు (కాల్వినిస్టు) చర్చిలు బొమ్మలు వద్దనడంతో చిత్రకారులకూ ఆ పట్నవాసులే దిక్కయ్యారు. వాళ్లకు పచ్చిక కావాలి, నిగనిగలాడే పశువు కావాలి. పేడ ఎత్తే మనిషి అంత అవసరం లేదు.

1647లో పౌలుస్ పాటర్ గీసిన కోడె ఇప్పుడు హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉంది. 2.4 మీటర్ల ఎత్తు, 3.4 మీటర్ల వెడల్పు. రాజుల యుద్ధాలకు కేటాయించే కొలత అది. దగ్గరికెళితే కోడె వీపు చుట్టూ ఈగలు, పక్కనున్న ఆవు మూతికి తడి, గడ్డిలో ఓ కప్ప. పాటర్ మొదట కోడెను మాత్రమే గీసి, తర్వాత గుడ్డకు అతుకులు వేసి బొమ్మను పెంచాడు. కాపరి ఆ అతుకులో వచ్చినవాడే, చెట్టు పక్కన నిలబడి చూడటమే అతని పని. ఇంత చేసీ ఆ కోడె నిజమైనది కాదు: వేర్వేరు వయసుల పశువుల అంగాలు కలిపి కట్టినది. పాటర్ 28 ఏళ్లకే పోయాడు. కోడెను 1795లో ఫ్రెంచి సైన్యం పారిస్‌కు ఎత్తుకుపోయింది, 1815లో తిరిగొచ్చింది.

డోర్డ్రెక్ట్‌లో ఆల్బర్ట్ కౌప్ గీసిన ఆవులు బంగారు ఎండలో తీరిగ్గా నెమరేశాయి. ఖేరార్డ్ టెర్ బోర్ఖ్ మాత్రం 1650ల్లో కొట్టంలోకి వెళ్లి, ఆవు పక్కన ఒదిగి కూర్చుని పాలు పితికే స్త్రీని గీశాడు. నా మటుకు ఆ చిన్న బొమ్మే కోడె కంటే గొప్పది.

గిరాకీ మాత్రం పశువుకే మిగిలింది. 19వ శతాబ్దం చివర్లో డచ్ చిత్రకారుడు ఆంటన్ మావ్ గీసిన గొర్రెల మందల కోసం అమెరికన్లు ఎగబడ్డారు. మంద ఎదురొస్తుంటే ఒక ధర, వెనుదిరిగి పోతుంటే అంతకు తక్కువ ధర పలికేదట.