ఎండ సరే, రాత్రి మాటేమిటి?

ఇంటి కప్పు మీద కరెంటు తయారుచేసుకునే పద్ధతికి చరిత్ర చెప్పేవాళ్లు మామూలుగా 1954తో మొదలుపెడతారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు, తనపై పడిన ఎండలో సుమారు 6 శాతాన్ని కరెంటుగా మార్చే సిలికాన్ సెల్‌ను లోకానికి చూపించారు. నేటి సోలార్ ప్యానెల్‌కు మూలం అదే. అయితే ఇంటికి కరెంటు అవసరం ఎక్కువగా పడేది పొద్దుగూకిన తర్వాత. ఎండలో పుట్టిన కరెంటును రాత్రికి అందించేది బ్యాటరీ. కాబట్టి కరెంటు స్తంభం చేరని ఇళ్ల కథను బ్యాటరీ వైపు నుంచి చదవాలి. అలా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. ముందు వాడకాన్ని, తర్వాత బ్యాటరీని, ఆ తర్వాతే ప్యానెల్‌ను లెక్కవేసిన ఏర్పాట్లే జనానికి నిజంగా పనికొచ్చాయి.

ఈ వరుస సోలార్ కంటే పాతది. 1916లో ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ బృందం అమెరికా పల్లెల్లోని రైతుల కోసం డెల్కో-లైట్ అనే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. చిన్న ఇంజిను, దానికి జనరేటరు, పక్కన అరల్లో 16 గాజు జాడీలు. ఒక్కో జాడీ 2 వోల్టుల లెడ్-యాసిడ్ సెల్, అన్నీ కలిపి 32 వోల్టులు. ఇంజిను కొన్ని గంటలు తిరిగి ఆగిపోయేది, మిగతా సమయమంతా జాడీలే ఇంటిని నడిపేవి. బ్యాటరీ 32 వోల్టులది గనుక బల్బులు, మోటార్లు, ఇస్త్రీ పెట్టెలు కూడా 32 వోల్టులకే తయారయ్యాయి. 1955లో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ దగ్గర పల్లె టెలిఫోన్ లైనుకు సోలార్ ప్యానెల్‌ను తొలిసారి పరీక్షకు పెట్టినప్పుడూ పక్కన బ్యాటరీ ఉంది. పగటి మిగులును రాత్రి మాటలకు దాచింది అదే. 1970లలో శాస్త్రవేత్త ఎలియట్ బెర్మన్ కృషితో ప్యానెల్ ధర వాటుకు 100 డాలర్ల నుంచి 20 డాలర్ల దాకా దిగింది. అప్పటికీ దాన్ని కొన్నది పల్లె ఇల్లు కాదు, సముద్రంలో చమురు తీసే కంపెనీలు. చమురు వేదికల మీద హెచ్చరిక దీపాలు రాత్రంతా వెలగడం వాళ్లకు అవసరం.

సామాన్యుడి ఇంట్లో ఈ ఏర్పాటు పెద్దఎత్తున నిలబడ్డ చోటు బంగ్లాదేశ్. 1996లో గ్రామీణ్ శక్తి సంస్థ మొదలైంది. 2003లో ప్రభుత్వ ఆర్థిక సంస్థ ఇడ్‌కాల్, ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో దేశవ్యాప్త పథకం చేపట్టింది. తొలి లక్ష్యమైన 50,000 ఇళ్లను గడువుకు మూడేళ్ల ముందే, 2005లో దాటేసింది. చివరికి 40 లక్షలకు పైగా ఇళ్లకు సోలార్ దీపం చేరింది. ఆ ఇళ్లలో కనిపించే 50 వాట్ల సెట్టును ఉదాహరణగా తీసుకుని లెక్క వేద్దాం. 7 వాట్ల దీపాలు నాలుగు, నాలుగేసి గంటలు వెలిగితే 112 వాట్-అవర్లు. 15 వాట్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ రెండున్నర గంటలు నడిస్తే సుమారు 38. మొత్తం 150. ప్యానెల్‌కు రోజుకు నాలుగు గంటల గట్టి ఎండ తగిలితే 200 వాట్-అవర్లు పుడతాయి, నష్టాలు పోను 150 మిగులుతాయి. 12 వోల్టుల 80 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 960 వాట్-అవర్లు పడతాయి. ముసురు పట్టి మూడు రోజులు ఎండ మొహం చూపకపోయినా వాడకం 450. అంటే బ్యాటరీ సగానికి మించి ఖాళీ కాదు. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఏళ్ల తరబడి మన్నాలంటే పాటించవలసిన హద్దు ఇంచుమించు అదే.

డబ్బు లెక్క కూడా బ్యాటరీనే అనుసరించింది. కుటుంబం 10 నుంచి 15 శాతం ముందు చెల్లించి, మిగతాది దాదాపు మూడేళ్ల వాయిదాల్లో కట్టేది. బ్యాటరీకి వారంటీ 5 ఏళ్లు. అప్పు తీరకముందే బ్యాటరీ చచ్చిపోతే వాయిదాలు ఆగిపోతాయి, వాయిదాలు ఆగితే పథకమే ఆగుతుంది. అందుకే వసూలుకు తిరిగే మనిషే బ్యాటరీలో నీటి మట్టం, తీగల బిగింపు కూడా చూసేవాడు. ప్యానెల్‌కు 20 ఏళ్ల వారంటీ ఉన్నా, పథకం ఆయువు మాత్రం బ్యాటరీ మీదే ఆధారపడింది.

ఆ ఇళ్లలో ఇన్వర్టర్ ఉండేది కాదు, అన్నీ 12 వోల్టుల డీసీ మీదే నడిచేవి. ఊరికే ఆన్‌లో ఉండి 10 వాట్లు తినే ఇన్వర్టర్ రోజంతా ఉంటే 240 వాట్-అవర్లు మింగుతుంది. ఆ ఇంటి రోజు వాడకం కంటే అది ఎక్కువ. తెలుగువాళ్ల ఇళ్లలోకి ఇన్వర్టర్ వేరే దారిలో, పవర్ కట్‌లకు విరుగుడుగా వచ్చింది. కరెంటు రాగానే బ్యాటరీ దానంతటదే నిండుతుంది గనుక నిన్న ఎంత వాడామో ఎవరూ లెక్క చూసుకోరు. పొలంలోని ఇంటికో కొండమీది గూడేనికో పూర్తిగా సోలార్ పెట్టేటప్పుడు ఈ అలవాటే కొంప ముంచుతుంది. అక్కడ ఆదుకోవడానికి ఎండ తప్ప మరో దిక్కు లేదు.

బంగ్లాదేశ్ పథకం చివరికి వెనకబడింది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. గ్రిడ్ పల్లెలకు చేరింది, 2022లో దేశం నూరు శాతం విద్యుదీకరణ ప్రకటించుకుంది. ప్రభుత్వమే మరోవైపు ఉచితంగా సోలార్ సెట్లు పంచడం, బజార్లో చవక సరుకు దిగడం వాయిదాల మీద నడిచే పథకాన్ని దెబ్బతీశాయి. 50 వాట్లతో ఫ్రిజ్ నడవదన్నదీ ఒప్పుకోవలసిందే, జనం అంతకంటే ఎక్కువ కోరడం న్యాయమే. కానీ ఇవేవీ లెక్క తప్పడం వల్ల వచ్చినవి కావు. తీగలు రావడానికి పట్టిన ఆ ఏళ్లలో పిల్లల చదువు కిరోసిన్ బుడ్డి కింద సాగకుండా కాపాడింది ఆ లెక్కే.

లిథియం బ్యాటరీలొచ్చాక ఈ లెక్కంతా పాతబడిందనేది రెండో అభ్యంతరం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతానికి పైగా వాడుకోవచ్చు, వేల సార్లు నింపి ఖాళీ చేయవచ్చు. ప్యానెళ్లు చవకయ్యాయి గనుక మబ్బు రోజుల కోసం రెండు ఎక్కువ పెట్టుకోవడం ఇప్పుడు తెలివైన పనే. అయితే ప్యానెల్ ధర పడేకొద్దీ మొత్తం ఖర్చులో బ్యాటరీ వాటా పెరుగుతోంది, దాని పరిమాణాన్ని తేల్చేది ఇప్పటికీ ఇంటి వాడకమే. ఎల్‌ఈడీ వచ్చాక ఏమైందో చూడండి. అంతే వెలుగును సుమారు సగం కరెంటుతో ఇచ్చే దీపం రాగానే, పాత ప్యానెల్, పాత బ్యాటరీ మీదే దీపాల గంటలు రెట్టింపయ్యాయి. కప్పు మీద ఏమీ మారలేదు, మారింది వాడకం ఒక్కటే. అందుకని సోలార్ పెట్టించుకోబోయేవాళ్లు దుకాణానికి వెళ్లి ఎన్ని కిలోవాట్లు అని అడిగేముందు, ఇంట్లో రాత్రిపూట ఏది ఎన్ని వాట్లతో ఎన్ని గంటలు నడుస్తుందో రాసుకోవాలి. ఆ జాబితా లేకుండా అమ్మజూపే సెట్టు ఎంత పెద్దదైనా కొనకూడదు.